నాట్యమా, చదువా? బిడ్డ కాలము ఎవరిది?



ఈ సంచికలో మనము ఒక ప్రశ్నను గురించి ఆలోచింతము. క్రొత్తదిగా కనబడుతుంది గాని నిజానికి అది పాత ప్రశ్నే. ఒక బిడ్డకు ఒక విద్యలో నిజమైన ప్రావీణ్యము, దాని మీద ప్రేమ ఉన్నవి. ఆ విద్య కొంచెము కాలముతో తృప్తిపడదు. బాల్యమంతటినీ అడుగుతుంది. ఇవ్వవచ్చునా? ఇస్తే ఆ ఇచ్చేది ఎవరు, తల్లిదండ్రులా, బిడ్డయా? ఇవ్వకపోతే కలిగే నష్టమునకు ఎవరు జవాబు చెప్పాలి?

మన తెలుగు వారు బెంగళూరుకు వలస వచ్చిన తొలి రోజులలో ఈ ప్రశ్నకు తావు లేదు. హిందూస్తాన్ ఏరోనాటిక్స్, ఐ.టి.ఐ., బి.ఇ.ఎల్., హెచ్.ఎం.టి. వంటి కర్మాగారములలో ఏదో ఒక పని దొరికితే చాలనుకొని వచ్చిన వారు అనేకులు. పిల్లలను బడిలో వేయుట, పదవ తరగతి దాటించుట, ఒక ఉద్యోగములో నిలబెట్టుట, ఇంతే వారి ప్రణాళిక. ఆ పిల్లలు పెద్దవారై కంప్యూటరు కంపెనీలలో చేరారు. ఇప్పుడు మూడవ తరము నడుస్తున్నది. వైట్‌ఫీల్డులో, మారతహళ్ళిలో, కృష్ణరాజపురములో మన ఇండ్లలోని పిల్లలు సాయంత్రమైతే ఒకరు ఈతకు, ఒకరు బ్యాడ్మింటనుకు, ఒకరు కీబోర్డుకు, ఒకరు నాట్యమునకు వెళుతున్నారు. వారానికి ఒకటి రెండు గంటలైనంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. పన్నెండు పదమూడేండ్ల వయస్సులో గురువు తల్లిదండ్రులను పిలిచి, "ఈ బిడ్డలో కళ ఉన్నది, ఇక రోజూ పంపండి" అన్నప్పుడే చిక్కు మొదలవుతుంది.

అటువంటి చిక్కుతో ఒక కుటుంబము మా యొద్దకు వచ్చింది. పేర్లు అనవసరము. అమ్మాయికి పదమూడు నిండి పద్నాలుగు నడుస్తున్నది, తొమ్మిదవ తరగతి. ఏడేండ్ల నుండి బ్యాలే నాట్యము నేర్చుకుంటున్నది. గురువుగారు వారానికి అయిదు రోజులు, రోజుకు రెండున్నర గంటలు రమ్మంటున్నారు. మరి రెండేండ్లలో విదేశములోని నాట్య పాఠశాలల ఎంపికకు వెళ్ళవచ్చునని కూడా చెప్పారు. తండ్రిగారు మాతో, "మాష్టారూ, మీరు చెబితే వింటుంది. పదవ తరగతి అయ్యేవరకు ఆ గంతులు మానమని చెప్పండి" అన్నారు. అమ్మాయి తల వంచుకొని కూర్చొని ఉన్నది. కొంతసేపటికి మెల్లగా, "తాతగారూ, అన్నయ్య పొద్దున ఆరింటికే కోచింగుకు పోతే ఎవ్వరూ పంచాయితీ పెట్టలేదు గదా" అన్నది.

ఆ బిడ్డ మాటకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. ఆ మాటను పట్టుకొనియే ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

బ్యాలే అడిగేది ఏమిటి?

మన పాఠకులలో పెద్దవారికి బ్యాలే అంటే తెలియకపోవచ్చును. ఇది ఇటలీ రాజుల కొలువులలో పుట్టి ఫ్రాన్సులో పెరిగిన నాట్యము. 1661లో పద్నాలుగవ లూయీ రాజు నాట్యము కొరకు పారిస్‌లో ఒక అకాడమీ స్థాపించాడు. అందుచేత నేటికీ ఆ అడుగుల పేర్లన్నీ ఫ్రెంచి మాటలే. తరువాత రష్యాలో అది గొప్ప శిక్షణగా రూపొందింది. సెయింట్ పీటర్స్‌బర్గులో 1738లో ఆరంభమైన పాఠశాల నేడు వాగనోవా పేరుతో నడుస్తున్నది. అక్కడ సుమారు పదేండ్ల వయస్సులో పిల్లలను చేర్చుకొని ఎనిమిదేండ్లు తర్ఫీదు ఇస్తారు.

అంత చిన్నప్పుడే ఎందుకని మీరు అడగవచ్చును. మన కూచిపూడిలో అరమండి సాధించుటకు మోకాళ్ళు, తుంట్లు ఎట్లు వంగవలెనో, బ్యాలేలో కాళ్ళు తుంటి దగ్గర నుండి బయటకు తిరగవలెను. అది ఎముకలు, కీళ్ళు ఇంకా ఎదుగుతున్న వయస్సులో నెమ్మదిగా అలవాటు కావలసినది. ఇక ఆడపిల్లలు గట్టి ముందు భాగము గల బూట్లు తొడిగి కాలి వ్రేళ్ళ కొనల మీద నిలబడి ఆడతారు. దానికి పాదము, మడమ, నడుము ఎన్నో ఏండ్లు సిద్ధపడవలెను. తొందరపడి ముందే ఎక్కిస్తే పాదములు పాడవుతాయి. ఆలస్యమైతే అవకాశము పోతుంది. స్విట్జర్లాండులో 1973 నుండి జరుగుతున్న లొసాన్ పోటీకి పదిహేను మొదలుకొని పద్దెనిమిదేండ్ల వరకు గల వారినే తీసుకొంటారు. అంటే మన పిల్లలు పదవ తరగతి, పీ.యూ.సీ. వ్రాసే సరిగ్గా ఆ ఏండ్లలోనే బ్యాలేలో వారి భవిష్యత్తు తేలిపోతుంది. ఆ వృత్తి ముగిసేది కూడా త్వరగానే. పారిస్ ఒపెరాలోని నర్తకులు నలభై రెండేండ్లకే పింఛను పుచ్చుకొంటారు.

ఈ నగరమునకు నాట్య శిక్షణ అపరిచితము కాదు. ప్రొతిమా బేడీ గారు 1990లో హెసరఘట్ట దగ్గర ఒడిస్సీ కొరకు నృత్యగ్రామమును నెలకొల్పారు. 1992లో మొదలైన అట్టక్కలరి సంస్థ ఆధునిక నాట్యమునకు ఇక్కడ పనిచేసింది. యానా లూయిస్ గారు స్థాపించిన లూయిస్ ఫౌండేషన్ వంటివి బ్యాలేను క్రమపద్ధతిలో నేర్పుటకు పూనుకున్నాయి. కనుక నేర్చుకొనే చోటు ఉన్నది. చదువును, నాట్యమును ఒకే కప్పు క్రిందికి తెచ్చే చోటే మనకు కరువు.

ఇతర దేశములలో ఈ సమస్యను పాఠశాలయే మోస్తుంది. పారిస్ ఒపెరా వారి నాట్య పాఠశాలలో ఉదయము చదువు, మధ్యాహ్నము నాట్యము. లండనులోని రాయల్ బ్యాలే స్కూలు వారి వైట్ లాడ్జిలో పదకొండు నుండి పదహారేండ్ల పిల్లలు ఇంగ్లండు దేశపు పబ్లిక్ పరీక్షలకు చదువుకుంటూనే నాట్యము నేర్చుకొంటారు. మన చెన్నైలో రుక్మిణీదేవి గారు 1936లో స్థాపించిన కళాక్షేత్రమునకు కూడా అనుబంధముగా సాధారణ పాఠశాల ఉన్నది. రుక్మిణీదేవి గారి కథలో మరొక సంగతి. ఆమె ప్రఖ్యాత రష్యా నర్తకి అన్నా పావ్లోవాను కలిసి, ఆమె బృందములోని క్లియో నోర్డి దగ్గర బ్యాలే నేర్చుకున్నారు. మీ దేశపు కళలను కూడా వెదకి చూడుమని పావ్లోవా ప్రోత్సహించిన తరువాతనే ఆమె భరతనాట్యము వైపు తిరిగారు.

బెంగళూరులో అట్టి ఏర్పాటు లేదు గనుక ఆ బరువంతా ఇంటి మీద పడుతుంది. మేము ఆ అమ్మాయి చేత కాగితము మీద ఒక దినచర్య వ్రాయించాము. ఉదయము అయిదున్నరకు లేవాలి. ఏడుంబావుకు బడి బస్సు. మూడున్నరకు ఇంటికి. నాలుగున్నరకు మళ్ళీ బయలుదేరితే అవుటర్ రింగు రోడ్డు మీద గంట. అయిదున్నర నుండి ఎనిమిది వరకు నాట్యము. తొమ్మిదింబావుకు ఇల్లు. భోజనము చేసి, బడిలో ఇచ్చిన పని ముగించి పడుకొనేసరికి పదకొండున్నర. నిద్ర ఆరు గంటలు. ఈ వయస్సు పిల్లలకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావలెనని వైద్యులు చెబుతున్నారు. అంటే ఆ బిడ్డ ప్రతిరోజు రెండు గంటలో అంతకంటె ఎక్కువో తన శరీరము నుండి అప్పు తీసుకొంటున్నది.

మన భయమునకు కారణము

ఆ తండ్రిగారిని మేము తప్పుపట్టలేదు. మీరును పట్టవద్దు. మన వారికి చదువు అంటే మార్కులు మాత్రమే కాదు. నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతములలో మిషను పాఠశాలలు తెరచిన నాడు, అక్షరము ముట్టుకొనుటకే హక్కు లేని ఇండ్ల నుండి పిల్లలు వచ్చి కూర్చున్నారు. కూలి పని చేసిన తాత కుమారుడు ఉపాధ్యాయుడైనాడు. ఉపాధ్యాయుని కుమారుడు ఇంజనీరైనాడు. ఆస్తులు, పొలములు, వ్యాపారములు లేని వారికి మెట్లు ఎక్కించినది చదువొక్కటే. అట్టి ఇంట్లో మనుమరాలు పుస్తకము ప్రక్కన పెట్టి నాట్యమునకు పోతానంటే, తాత ఎక్కిన నిచ్చెనను తన్నివేస్తున్నట్లు తోచుట సహజమే.

నాట్యమే మనకు తగదనే వారు కూడా కొందరున్నారు. దావీదు మందసము ఎదుట నాట్యమాడిన సంగతి వారికి మేము గుర్తు చేస్తాము. ఏ నాట్యము, ఎటువంటి వస్త్రములు, ఎవరి మధ్య అనేవి తల్లిదండ్రులు విచారించవలసిన సంగతులే. కాని శరీరమును క్రమశిక్షణలో పెట్టి అందముగా కదల్చుట దానంతట అది దోషము కాదు. ఉపాధ్యాయ శిక్షణలో మేము పెస్టలోజీని, గాంధీగారి బేసిక్ విద్యను చదువుకున్నాము. తల, చేయి, హృదయము మూడింటికీ విద్య కావలెనని వారు చెప్పారు. 2020 నాటి జాతీయ విద్యా విధానము కూడా పాఠ్య విషయములకు, కళలకు మధ్య గోడ ఉండరాదని చెప్పింది. కాగితము మీద గోడ లేదు గాని టైంటేబిలులో ఉన్నది.

ఒకే కొలత

ఇప్పుడు ఆ బిడ్డ మాటకు వద్దాము. అన్నయ్య ఎనిమిదవ తరగతి నుండి ఐ.ఐ.టి. ఫౌండేషను కోర్సుకు వెళ్ళాడు. ఉదయము ఆరింటికి వెళ్ళి, బడి ముగిసిన తరువాత మళ్ళీ వెళ్ళి, రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాడు. ఆటలు మానుకున్నాడు. ఆదివారము కూడా పరీక్షలే గనుక ఆరాధనకు రాలేదు. కళ్ళ క్రింద నల్లని చారలు వచ్చాయి. ఎవరూ పెద్దల దగ్గరకు రాలేదు, మందలించమని అడగలేదు. పైగా "మా వాడు కష్టజీవి" అని చెప్పుకున్నారు. అంతే కాలము, అంతే నిద్రలేమి, అంతే ఖర్చు నాట్యము అడిగినప్పుడు మాత్రము అది గంతులయినది.

కోచింగు ఫలితము నమ్మకమైనది, నాట్యము జూదము అని మీరు అనవచ్చును. ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్ష వ్రాసే వారు లక్షలలో, సీట్లు వేలలో. అది కూడా ఎక్కువ మందికి అందని ఫలమే. ఒక తేడా మాత్రము నిజము. ఐ.ఐ.టి. రానివాడికి ఇంకొక కళాశాల దొరుకుతుంది, చదివిన లెక్కలు అక్కడ పనికివస్తాయి. బ్యాలేలో స్థానము దొరకని అమ్మాయికి ఐరోపాలో వలె ప్రభుత్వ ధనముతో నడిచే బ్యాలే సంస్థ మన దేశములో లేదు. ఈ తేడా పెద్దది, దానిని దాచకూడదు. కాని అది జాగ్రత్త పడుటకు కారణము గాని, అవమానించుటకు కారణము కాదు. కొలత రెండింటికీ ఒకటే ఉండవలెను. నిద్ర చెడితే రెంటిలోను చెడినట్లే. బిడ్డ ఇష్టము లేకుండా సాగితే రెంటిలోను బలవంతమే.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి చూడండి. పుల్లెల గోపీచంద్ గారు 1973లో ప్రకాశము జిల్లా నాగండ్లలో జన్మించారు. హైదరాబాదులో ఆట నేర్చి, బెంగళూరులో తర్ఫీదు పొంది, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటను విజేత అయ్యారు. అన్నదమ్ములిద్దరూ బాగా ఆడేవారనీ, అన్నగారికి ఐ.ఐ.టి.లో సీటు వచ్చి ఆట మానుకున్నారనీ, తాను ఇంజనీరింగు పరీక్ష తప్పినందున ఆటలో మిగిలిపోయాననీ ఆయన అనేక సభలలో చెప్పారు. అదే గోపీచంద్ గారు 2025లో, ధనిక కుటుంబమో వ్యాపారమో వెనుక లేకపోతే పిల్లలను ఆటలనే వృత్తిగా పెట్టవద్దని తల్లిదండ్రులను హెచ్చరించారు. ఆట ద్వారా అన్నీ పొందిన మనిషి, ఎందరో విజేతలను తయారుచేసిన గురువు ఆ మాట అన్నారంటే, ఓడి వెనుకకు వచ్చిన పిల్లలను ఆయన ఎందరిని చూసి ఉండాలి! గెలిచిన వాని కథ పత్రికలో వస్తుంది. పదిహేనేండ్లకు మోకాలు దెబ్బతిని, బడిలోను వెనుకబడి ఇంట్లో కూర్చున్న బిడ్డ కథ ఎవరూ వ్రాయరు. తల్లిదండ్రులు ఆ రెండవ బిడ్డను మనస్సులో పెట్టుకొని నిర్ణయము చేయవలెను.

బ్యాలేలోను అంతే. ముంబయిలో వెల్డింగు పని చేసే వాని కుమారుడు అమీరుద్దీన్ షా 2017లో లండను రాయల్ బ్యాలే స్కూలులో చేరాడు. ఢిల్లీలో ఈ-రిక్షా నడిపే వాని కుమారుడు కమల్ సింగ్ 2020లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే వారి పాఠశాలలో స్థానము పొందాడు, ఖర్చుకు దేశమంతటి నుండి విరాళములు వచ్చాయి. సంతోషించవలసిన సంగతులే. అయితే వారు మగపిల్లలు, బ్యాలేకు ఆలస్యముగా వచ్చినా నిలిచారు. ఆడపిల్లలలో పోటీ చాలా ఎక్కువ. వారి కథను చూసి మన అమ్మాయికి అట్లే జరుగుతుందని లెక్క వేయరాదు.

బిడ్డ కాలము ఎవరిది?

మా అభిప్రాయములో అసలు ప్రశ్న ఇదే. తండ్రి ధనము తండ్రిది. తండ్రి ఆశ తండ్రిది. కాని పన్నెండు నుండి పద్దెనిమిది వరకు గల ఆరేండ్లు బిడ్డవి. వాటిని మనము కాపాడుతున్నాము గాని మనకు సొంతము కావు. ఒక అనాథ బిడ్డ పొలమునకు పెద్దమనిషిని ధర్మకర్తగా పెడితే ఆయన ఏమి చేయవలెను? పొలమును బీడు పెట్టరాదు. తన ముచ్చట కొరకు ఉన్నదంతా ఒకే పంటకు ఒడ్డరాదు. బిడ్డ ఎదిగి వచ్చి అడిగిననాడు లెక్క చెప్పి, పొలమును చేతిలో పెట్టవలెను. తల్లిదండ్రుల అధికారము అటువంటిది.

తలాంతుల ఉపమానమును మన వారు ఇటువంటి సందర్భములో తరచుగా చెబుతారు. తలాంతును పాతిపెట్టకూడదు గనుక బిడ్డను నాట్యములో పూర్తిగా దించవలెనని కొందరు, లెక్కల తలాంతును పాతిపెట్టకూడదని కొందరు. ఆ కథలో మనము గమనించని సంగతి ఒకటున్నది. ప్రతి దాసుడు తనకు ఇచ్చిన దానికే లెక్క చెప్పాడు. ప్రక్కవాని తలాంతుకు లెక్క అడగబడిన వాడు ఒక్కడూ లేడు. బిడ్డ తలాంతు బిడ్డది. మనము నెరవేర్చుకోలేని కోరిక అది నాట్యమైనా, డాక్టరు పదవియైనా, బిడ్డ తలాంతుగా పేరు మార్చి ఆమె మీద పెట్టుట న్యాయము కాదు.

అట్లయితే బిడ్డ ఇష్టమునకే వదిలివేయవచ్చునా? కాదు. పదమూడేండ్ల బిడ్డ కష్టపడుటకు ఒప్పుకొనగలదు. కాళ్ళు నొప్పి పెట్టినా రేపు వస్తానని చెప్పగలదు, ఆ మాటను మనము గౌరవించవలెను. కాని ముప్పయ్యేండ్ల వయస్సులో తన బ్రతుకు ఎట్లుంటుందో ఆమె ఊహించలేదు. కనుక ద్వారము మూసివేసే నిర్ణయమునకు ఆమె ఒప్పుదల చాలదు. భారతదేశము 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక కూడా బిడ్డ మాటను ఆమె వయస్సునకు, పరిపక్వతకు తగినట్లు లెక్కలోనికి తీసుకొనుమని చెబుతుంది. పదమూడేండ్లకు ఆమె మాట ఒక పాలు, పదహారేండ్లకు సగము, పద్దెనిమిదికి పూర్తి. మన చేయి క్రమముగా సడలవలెను. ఇది మా తూకము.

కనుక మా మాట ఇది: బిడ్డను ముందుకు పోనివ్వండి, కాని తిరిగివచ్చే దారిని మూయవద్దు. ఆ దారి పేరు కనీసము పదవ తరగతి, దాని తరువాత పన్నెండవ తరగతి.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన వాడు ఏటిలో పడతాడు, అటు పూర్తి నాట్యము లేక, ఇటు పూర్తి చదువు లేక బిడ్డ రెంటికీ చెడుతుంది అంటారు. ఇది అబద్ధము కాదు. పదవ తరగతి కొరకు వారానికి ఒక రోజు నాట్యము తగ్గించిన అమ్మాయికి, తగ్గించని అమ్మాయి చేతిలో ఎంపిక పోవచ్చును. ఆ నష్టము ఆ బిడ్డదే. దానిని మనము చిన్నది చేసి మాట్లాడరాదు. అయినను రెండు నష్టములలో ఒకటి తప్పనప్పుడు, మరల దిద్దుకొనుటకు వీలున్న నష్టమును ఎంచుకొనుట పెద్దల ధర్మము. వేదిక తప్పిన అమ్మాయి నాట్యము నేర్పవచ్చును, ఇంకొక నాట్యరీతికి మారవచ్చును, వేరొక పని చేస్తూ ఆడవచ్చును. చదువు తప్పి, కాలు విరిగిన అమ్మాయికి మిగిలేది ఇతరుల దయ.

చేయదగిన పనులు

మొదటిది, చదువుకు దారులు మనము అనుకొన్నదానికంటె ఎక్కువ ఉన్నాయి. 1989లో జాతీయ ఓపెన్ స్కూలుగా మొదలై 2002లో పేరు మార్చుకొన్న ఎన్.ఐ.ఓ.ఎస్. ద్వారా పద్నాలుగేండ్లు నిండిన వారు పదవ తరగతి వ్రాయవచ్చును. సబ్జెక్టులన్నీ ఒకేసారి వ్రాయనక్కరలేదు, అయిదేండ్లలో విడివిడిగా పూర్తి చేయవచ్చును. కర్ణాటకలో 2024లో ఎస్.ఎస్.ఎల్.సీ. పరీక్షను మూడుసార్లు పెట్టారు. సి.బి.ఎస్.ఇ. వారు 2026 నుండి పదవ తరగతికి రెండు పరీక్షలు ఏర్పాటు చేశారు. అయితే సాధారణ బడిలో ఉన్నవారికి నూటికి 75 హాజరు తప్పదు. ఓపెన్ స్కూలు తీసుకొనే ముందు ఒక హెచ్చరిక: బడి మానిపించుట సులభము, ఇంట్లో రోజూ నాలుగు గంటలు చదివించే మనిషి లేకపోతే ఆ పుస్తకములు అట్టతోనే ఉంటాయి. స్నేహితులు లేని బాల్యము కూడా ఒక లోటే.

రెండవది, శరీరము. ఇది తల్లులకు ప్రత్యేకముగా వ్రాస్తున్నాము. బ్యాలేలో సన్నగా ఉండవలెనని పిల్లలు అన్నము మానుకొనే ప్రమాదము కలదు. తక్కువ తిని ఎక్కువ శ్రమపడిన ఆడపిల్లకు నెలసరి ఆగిపోవచ్చును, ఎముకలు బలహీనపడి చిన్న దెబ్బకే చిట్లవచ్చును. నెలసరి మూడు నెలలు రాకపోతే గురువును కాదు, వైద్యురాలిని అడగండి. బిడ్డ బరువు గురించి నలుగురి ఎదుట హేళన చేసే గురువు ఎంత గొప్పవాడైనా ఆ చోటు మనకు వద్దు.

మూడవది, ధనము. బూట్లు, ఫీజులు, ప్రయాణములు, పరీక్షలు, ఇవి ఏటేటా పెరుగుతాయి. ఒక బిడ్డ శిక్షణకు ఇంకొక బిడ్డ చదువును తాకట్టు పెట్టరాదు. ఎంతవరకు ఇవ్వగలరో ముందే బిడ్డకు చెప్పండి. "నీ కోసము ఇంత ఖర్చు పెట్టాము" అని తరువాత దెప్పుట కంటె, "ఇంతకు మించి మావల్ల కాదమ్మా" అని ముందు చెప్పుటయే ప్రేమ.

నాలుగవది, సంవత్సరమునకు ఒకసారి బిడ్డను కూర్చోబెట్టి అడగండి. ఇంకా ఇష్టముగా ఉన్నదా, నిద్ర సరిపోతున్నదా, మానుకోవాలని ఉంటే మాతో చెప్పగలవా? మూడవ ప్రశ్న ముఖ్యము. మానుకొంటానని చెప్పుటకు భయపడే బిడ్డ, ఇష్టముతో ఆడుతున్నదని మనము చెప్పుకొనుటకు వీలు లేదు. కోచింగుకు వెళ్ళే కుమారుని కూడా ఇదే అడగవలెను.

ఆ కుటుంబముతో మేము ఈ మాటలే చెప్పాము. ఎన్నో మాటలు అటు ఇటు జరిగిన తరువాత ఒక ఒప్పందమునకు వచ్చారు. పదవ తరగతి అయ్యేవరకు వారానికి నాలుగు రోజులు నాట్యము. రాత్రి పదింటికి దీపము ఆర్పవలెను, బడిపని మిగిలితే మిగలనివ్వవలెను. మార్కులు కొంత తగ్గినా తండ్రి ఏమీ అనరాదు. పదవ తరగతి తరువాత ముగ్గురూ మళ్ళీ కూర్చొని మాట్లాడుకోవలెను. గురువుగారు నాలుగు రోజులకు అంత సుముఖముగా లేరు. అమ్మాయి కంటనీరు పెట్టుకున్నది, తండ్రిగారును పూర్తిగా సంతోషపడలేదు. ఆ బిడ్డ లొసాన్ వరకు పోతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒకటి మాత్రము జరిగింది. అన్నయ్యను కూడా అదే సాయంత్రము కూర్చోబెట్టి, నిద్ర సరిపోతున్నదా అని తల్లి అడిగింది. ఆ ప్రశ్న ఆ ఇంట్లో అదే మొదటిసారి.

చివరిగా సంఘస్థులందరితో ఒక మాట. ఆరాధన ముగిసి బయటకు వచ్చినప్పుడు పిల్లలు కనబడితే మనము అడిగే మొదటి ప్రశ్న మార్కులు ఎన్ని అనే. నాట్యమునకు పోయే బిడ్డను అయితే టీవీలో ఎప్పుడు వస్తావని అడుగుతాము. రెండు ప్రశ్నలూ ఒకే జాతివి, గెలిచావా అని అడిగేవే. తిరిగివచ్చే దారిని తెరచి ఉంచుట తల్లిదండ్రుల పని అయితే, ఆ దారిలో తిరిగి వచ్చిన బిడ్డను చూసి గుసగుసలాడకుండుట మన పని. ఎంపిక పోయిన అమ్మాయి గాని, ర్యాంకు రాని అబ్బాయి గాని మన మధ్యకు తల ఎత్తుకొని రాగలిగితే, వారి తల్లిదండ్రుల భయము సగము తగ్గుతుంది. ఆ భయము తగ్గిన ఇంట్లో బిడ్డ కాలము బిడ్డకే మిగులుతుంది.